ఆన్సర్ వచ్చింది, మార్కులు రాలేదు: పాలమూరు నుంచి ఐఐటీకి వెళ్లిన ఒక విద్యార్థి మొదటి ఏడాది

ఈ కేసు ఒక సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థిది. ఊరు నాగర్‌కర్నూల్ జిల్లాలో, కల్వకుర్తి దగ్గర. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్ మహబూబ్‌నగర్‌లో, ఇంగ్లిష్ మీడియం. ఆ రెండేళ్లూ నా దగ్గరే లెక్కలు చదివాడు. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి ఉత్తరాదిలో ఒక ఐఐటీలో సీటు తెచ్చుకున్నాడు. మొదటి సెమిస్టర్‌లో లెక్కలూ ప్రోగ్రామింగూ ఫెయిలయ్యాడు. ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్నాడు. అతను ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో చెప్పబోయే ఇబ్బంది ఆ ఒక్క క్యాంపస్‌ది కాదు.

పెద్ద సంస్థల్లో చేరిన మా పిల్లలతో మొదటి ఏడాదంతా ఫోన్‌లో మాట్లాడుతూ ఉండటం నేను చాలాకాలంగా చేస్తున్న పని. సీటు వచ్చేదాకా వాళ్ల చుట్టూ అందరం ఉంటాం. సీటు వచ్చాక మాత్రం గెలిచాడు కదా అని వదిలేస్తాం. తర్వాత పిల్లవాడు వెనకబడితే చెప్పే కారణాలు ఎప్పుడూ రెండే: ఇంగ్లిష్ రాదు, బేసిక్స్ లేవు. ఈ అబ్బాయి గురించీ అవే అన్నారు. అతని జవాబు పత్రాలు చూశాక ఆ రెండూ అసలు కారణాలు కావని నాకు స్పష్టమైంది. ఇంటర్ చెప్పేవాళ్లకూ, పిల్లల్ని పంపే తల్లిదండ్రులకూ పనికొస్తుందని ఆ సంగతే వివరంగా రాస్తున్నాను.

ఇల్లు, ఊరు, ర్యాంకు

తండ్రి మేస్త్రీ. ఒకప్పుడు పాలమూరు లేబర్‌తో బొంబాయి, పుణె పనులకు వెళ్లినవాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల దగ్గర పనిచేస్తాడు. తల్లి పత్తి ఏరడానికీ పల్లి పీకడానికీ కూలికి పోతుంది. కుటుంబం వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉన్న విద్యార్థులకు ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. 2016లో బీటెక్ ఫీజును ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకు పెంచినప్పుడే ఈ ఏర్పాటు కూడా తెచ్చారు. కాబట్టి ఫీజు బరువు లేదు. హాస్టల్ మెస్, రైలు చార్జీలు, ల్యాప్‌టాప్ మాత్రం సొంత ఖర్చు. మొదటి సెమిస్టర్ అంతా అతనికి ల్యాప్‌టాప్ లేదు.

సీటు వచ్చినప్పుడు ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు. నాయకుల ఫోటోల మధ్యలో పిల్లవాడి ఫోటో. ఊరి సంతోషం నిజమైనదే, తప్పుపట్టను. కాకపోతే అక్కడ వెనకబడిన రోజున ఆ పిల్లవాడికి ఇంటికి వచ్చే దారిలో ఆ ఫ్లెక్సీ అడ్డం నిలబడింది. దసరా సెలవులకు రాలేదు. అడిగితే "అసైన్‌మెంట్లు ఉన్నయ్ సార్" అన్నాడు. సెప్టెంబర్ చివరి నుంచి ఫోన్లు తగ్గాయి. చేస్తే ఎత్తుతాడు, "మంచిగనే ఉన్న సార్" అని పెట్టేస్తాడు. ఇంతకుముందు అన్నీ విడమరిచి చెప్పేవాడు రెండు ముక్కల్లో మాట ముగిస్తున్నాడంటే నా అనుభవంలో అది మొదటి గుర్తు. మార్కుల కంటే ముందు కనిపించేది అదే.

ఉత్తరం

డిసెంబర్‌లో ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాత తండ్రి పేరు మీద ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. రెండు కోర్సులు ఫెయిల్, సగటు గ్రేడు కనీస స్థాయి కంటే తక్కువ, వచ్చే సెమిస్టర్‌లో మెరుగుపడకపోతే చర్య తీసుకోవాల్సి వస్తుంది అని అందులో ఉంది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, మా వాణ్ని ఎల్లగొట్టిన్రా?"

వెళ్లగొట్టలేదని, ఇది హెచ్చరిక మాత్రమేనని చదివి చెప్పాను. ఆయన రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. "ఇంటర్ల తొమ్మిది వందల డెబ్బై వచ్చినోనికి ఆడ నూటికి ముప్పై ఏంది సార్? ఏమన్న తప్పు తోవ పట్టిండా?"

తాగుడు, చెడు స్నేహాలు, ఫోను. తండ్రికి తెలిసిన కారణాలు ఇవే కాబట్టి అవే అనుమానించాడు. ఐఐటీల్లో చాలాచోట్ల గ్రేడు క్లాసు మొత్తం ఎలా రాసిందన్న దాన్ని బట్టి ఇస్తారు. ప్రశ్నపత్రమే కఠినంగా ఉంటే నూటికి 40 వచ్చినవాడు కూడా గౌరవంగా పాసవుతాడు. ముప్పై అంటే ఇంటర్‌లో ముప్పై అని కాదు. ఇది ఆయనకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది, కానీ చెప్పి తీరాల్సిన మాట. ఎందుకంటే ఆ రాత్రి ఆయన కొడుకుతో ఏం మాట్లాడతాడన్నదాని మీద మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. మార్కుల ఊసెత్తకుండా ఇంటికి రమ్మని మాత్రం చెప్పమన్నాను. అట్లే చెప్పాడు. అబ్బాయి బయల్దేరాడు.

వచ్చిన రోజున పుస్తకాలు ముట్టుకోలేదు. నిద్ర ఎట్లా ఉంది, తిండి ఎట్లా ఉంది అని అడిగాను. తెల్లవారుజామున నాలుగింటికి పడుకుని పొద్దున క్లాసులు పోగొట్టుకుంటున్నాడు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగానే అడిగాను. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది లెక్చరర్లు భయపడతారు. కానీ అలా జరగదు, అడిగితే పిల్లలకు ఊపిరాడుతుంది. అంతదాకా పోలేదన్నాడు. అయినా క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్తానని మాట తీసుకున్నాను. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 అతని ఫోన్‌లో సేవ్ చేయించాను. ఆ నంబర్‌కు చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. ఈ మాటలన్నీ అయ్యాకే చదువు సంగతి.

పేపర్లలో ఏముంది

జవాబు పత్రాలు చూశావా అని అడిగితే లేదన్నాడు. దిద్దిన పేపర్లు విద్యార్థులకు చూపిస్తారు, ఆ రోజు ముందే ప్రకటిస్తారు. ఇతను వెళ్లలేదు. పేపర్ చూడటానికి వెళ్లడమంటే దిద్దినవాళ్లను తప్పుపట్టడమని అనుకున్నాడు. మన దగ్గర ఇంటర్‌లో రీవెరిఫికేషన్‌కు డబ్బు కట్టి దరఖాస్తు పెడితే తప్ప పేపర్ కంటబడదు కదా, అతనికి తెలిసిన పద్ధతి అదే. జనవరిలో వెనక్కి వెళ్లగానే మొదట ఆ పనే చేయించాను. తన పేపర్‌లో ఏం రాశాడో నోట్‌బుక్‌లోకి ఎత్తుకుని నాకు ఫోటోలు పంపాడు.

అందులో ఒక ప్రశ్న. ఎక్స్ సున్నా కానప్పుడు విలువ ఎక్స్ స్క్వేర్ సైన్ వన్ బై ఎక్స్, సున్నా దగ్గర విలువ సున్నా. ఈ ప్రమేయం సున్నా దగ్గర అవకలనీయమని, అంటే అక్కడ దానికి డెరివేటివ్ ఉందని చూపించాలి. మావాడు ఏం చేశాడంటే, ఫార్ములాతో డెరివేటివ్ కట్టాడు: 2 ఎక్స్ సైన్ వన్ బై ఎక్స్ మైనస్ కాస్ వన్ బై ఎక్స్. ఎక్స్ సున్నాకు దగ్గరవుతుంటే కాస్ వన్ బై ఎక్స్ ఒక విలువ దగ్గర నిలవదు, కాబట్టి లిమిట్ లేదు, కాబట్టి అవకలనీయం కాదు, ప్రశ్నే తప్పు అని రాశాడు. చేసిన లెక్కలో ఒక్క పొరపాటు లేదు. కానీ ప్రశ్న అడిగింది అది కాదు. నిర్వచనం దగ్గరికి వెళ్లాలి: ఎక్స్ సున్నా నుంచి హెచ్‌కు జరిగితే విలువలో వచ్చే భేదాన్ని హెచ్‌తో భాగిస్తే మిగిలేది హెచ్ సైన్ వన్ బై హెచ్. దాని పరిమాణం హెచ్ పరిమాణాన్ని దాటదు. కాబట్టి లిమిట్ సున్నా, డెరివేటివ్ ఉంది, అదీ సున్నాయే. డెరివేటివ్ ఉండటం వేరు, అది అవిచ్ఛిన్నంగా ఉండటం వేరు. ఈ తేడా తెలుసా లేదా అని పరీక్షించడానికే ఆ ప్రశ్న పెట్టారు.

ఇంకొకటి లీనియర్ ఆల్జీబ్రాలోది. మూడు సదిశలు (వెక్టర్లు) రుజుస్వతంత్రాలైతే, అంటే గుణకాలతో కూడి సున్నా తేవాలంటే గుణకాలన్నీ సున్నా కావాల్సిందే అయితే, వాటిని రెండేసి చొప్పున కూడితే వచ్చే మూడూ రుజుస్వతంత్రాలేనని నిరూపించాలి. మావాడు ఐ, జె, కె అనే యూనిట్ సదిశలు తీసుకున్నాడు. కూడాడు, నిర్ధారకం (డిటర్మినెంట్) కట్టాడు, 2 వచ్చింది, సున్నా కాదు, కాబట్టి నిరూపితమైంది అన్నాడు. పదికి ఒక మార్కు వేశారు. పక్కన ఎర్ర ఇంకుతో ఇది ఒక ఉదాహరణ మాత్రమే అని రాశారు. ఆ మాట అతనికి అర్థం కాలేదు. "ఆన్సర్ కరెక్టే కద సార్" అన్నాడు.

నాకు అన్నింటికంటే ఎక్కువ చెప్పింది ఈ పేపరే. జేఈఈకి మేం నేర్పేది సరిగ్గా ఇదే. ఎన్ పదాల మొత్తం అడిగితే ఎన్ బదులు 1 పెట్టు, 2 పెట్టు, కుదరని ఆప్షన్లు కొట్టెయ్, మిగిలింది పెట్టెయ్. మూడు గంటల పేపర్‌లో అది మంచి తెలివే. 2005 దాకా ఐఐటీ ప్రవేశ పరీక్ష రెండో దశలో స్టెప్పులతో సహా జవాబు రాయాలి. 2006 నుంచి పూర్తిగా ఆబ్జెక్టివ్ అయింది. 2018 నుంచి అడ్వాన్స్‌డ్ మొత్తం కంప్యూటర్ మీదే. రఫ్ పేపర్ మీద పిల్లవాడు ఏం రాశాడో ఎవరూ చూడరు. ఇంటర్ బోర్డు పరీక్షలో ఏడు మార్కుల జవాబులు రాయాలి, నిజమే. కానీ అవి ఎప్పుడూ వచ్చే ప్రశ్నలే కాబట్టి నిరూపణను పద్యంలా అప్పజెప్పడమే మన పిల్లలు చేసేది. అలా ఒకవైపు సరైన ఆప్షన్ పట్టుకోవడం, ఇంకోవైపు నిరూపణ కంఠస్థం చేయడం వచ్చాయి. కొత్త ప్రశ్నకు తనంతట తాను ఒక్కో వాక్యం కారణంతో రాయడమన్నది ఈ రెంటి మధ్యలో పడిపోయింది. అక్కడ మొదటి వారం నుంచే కావాల్సింది అదే.

ఇంగ్లిష్ సంగతి కూడా చెప్పాలి. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులోనూ రాయవచ్చు, అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే. ఇతను ఇంగ్లిష్‌లోనే రాసి ర్యాంకు తెచ్చుకున్నాడు. ప్రశ్న చదివితే అర్థమవుతుంది. పై రెండు జవాబుల్లోనూ ప్రశ్నను సరిగ్గానే చదివాడు. ఇంగ్లిష్ అడ్డం పడిన చోటు వేరే ఉంది, అది మాట్లాడటంలో. అర్థం కానిది అడగడానికి నోరు లేవకపోవడం.

ప్రోగ్రామింగ్ కథ చిన్నది. చేరేదాకా కీబోర్డు మీద చేయి పెట్టలేదు. పక్క సీటు పిల్లలు పదకొండో తరగతిలోనే కంప్యూటర్ సైన్స్ చదివి వచ్చారు. ల్యాబ్ పరీక్షలో సగం సమయం అక్షరాలు వెతుక్కోవడానికే పోయింది. ఇందులో లోతైన రోగనిర్ధారణ ఏమీ లేదు. చేతికి అలవాటు లేదు, అంతే.

ఏం చేశాం

మొదటి నిర్ణయం అతనిది కాదు, నాదీ కాదు, క్యాంపస్‌లో అతనికి కేటాయించిన ఫ్యాకల్టీ అడ్వైజర్‌ది. నా సలహా మీద అబ్బాయి ఆయన్ను కలిసి ఉన్నదున్నట్టు చెప్పాడు. రెండో సెమిస్టర్‌లో ఒక కోర్సు తగ్గించుకోవడానికి అక్కడి నిబంధనల్లో వీలుంది. ఫెయిలైన లెక్కల కోర్సును వేసవి టర్మ్‌లో, ప్రోగ్రామింగ్‌ను మళ్లీ నడిపినప్పుడు చేసేలా ఆయన ప్లాన్ రాసిచ్చారు. ఇలాంటి వెసులుబాటు ఉందని మా ఊళ్లలో ఒక్కరికీ తెలియదు. తెలిసినా అడగడం పరువు తక్కువ అనుకుంటారు. పిల్లవాడూ అలాగే అన్నాడు: "ఒకటి తగ్గిస్తే ఎనకబడ్డట్టే కద సార్." అన్నీ పెట్టుకుని మళ్లీ రెండు పోగొట్టుకుంటే ఏమవుతుందో ఆ ఉత్తరంలోనే రాసి ఉందని గుర్తు చేశాను.

ఇక లెక్కలు. రోజూ రాత్రి ఒకే ఒక నిరూపణ. ముందు కాగితం మీద మూడు విషయాలు రాయాలి: ఇచ్చింది ఏమిటి, చూపించాల్సింది ఏమిటి, ఇందులో వచ్చే ప్రతి మాటకూ నిర్వచనం ఏమిటి. ఆ తర్వాతే నిరూపణ. ఒక లైనుకు ఒకే వాక్యం, ప్రతి లైను పక్కన అది ఎందుకు నిజమో కారణం. ఫోటో తీసి నాకు పంపాలి. మొదట్లో తెలుగులోనే రాయమన్నాను. రుజుస్వతంత్రత లెక్క మళ్లీ చేయించాను. రెండేసి కూడగా వచ్చిన మూడింటినీ ఏ, బి, సి గుణకాలతో కూడితే మొత్తం సున్నా అనుకున్నాడు. పదాలు విడదీస్తే ఏ ప్లస్ సి, ఏ ప్లస్ బి, బి ప్లస్ సి మూడూ సున్నా కావాలని తేలింది, అందుకు కారణం మొదటి మూడు సదిశల స్వతంత్రత. అక్కడి నుంచి మూడు గుణకాలూ సున్నాయే. ఆ "అందుకు కారణం" అన్న లైను తనంతట తాను రాసిన రోజున ఫోన్ చేసి, "సార్, ఐ, జె, కె అవసరమే లేదు కద" అన్నాడు. చాలా సంతోషపడ్డాను. ఇన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నా ఒక విద్యార్థికి నిరూపణ అంటే ఏమిటో తెలిసిన క్షణం నా కళ్లముందు జరగడం అరుదు.

పంపిన ప్రతిదానికీ నేను చేసింది ఒక్కటే. ఎక్కడ కారణం లేకుండా దూకాడో అక్కడ గీత గీసి వెనక్కి పంపడం. సరైన జవాబు నేను ఎప్పుడూ రాసివ్వలేదు. కొన్ని వారాల తర్వాత ఇంగ్లిష్‌లోకి మారమన్నాను. అప్పటికి వాక్యాల క్రమం చేతికి వచ్చింది కాబట్టి భాష మారినా ఇబ్బంది పడలేదు.

అడగడం నేర్పడానికి ఇంతకంటే ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది. ప్రతి కోర్సుకూ వారానికో ట్యుటోరియల్ ఉంటుంది. అక్కడ కూర్చునే టీఏలు, అంటే పీహెచ్‌డీ, ఎంటెక్ విద్యార్థులు, సందేహాలు తీర్చడానికే ఉంటారు. ఇతను సెమిస్టర్ అంతా వెనక బెంచీలో కూర్చుని బోర్డు మీది లెక్కలు ఎక్కించుకుని వచ్చాడు. కారణం అడిగితే "అందరికీ అర్థమైతుంది సార్, నాకే అయితలేదు" అన్నాడు. మన దగ్గర మంచి విద్యార్థి అంటే ప్రశ్న వేయనివాడు, సార్ చెప్పింది పట్టుకునేవాడు. పదేళ్లు అలా పొగిడి పెంచిన పిల్లవాణ్ని ఒక్కసారిగా వెళ్లి అడుగు అంటే ఎలా అడుగుతాడు?

అందుకని అడగాల్సిన ప్రశ్నను ముందురోజు రాయించాను. "ఈ చాప్టర్ అర్థం కాలేదు" అని ఎవరినీ అడగొద్దు, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. "మూడో లైను నుంచి నాలుగో లైనుకు ఎలా వెళ్లారు, నేను ఇక్కడిదాకా వచ్చాను" అని నోట్‌బుక్ చూపించి అడగాలి. మొదటిసారి కాగితం చూసి చదివాడు. ఆ టీఏ కుర్చీ లాగి కూర్చోబెట్టుకుని చెప్పాడట. రెండో వారం ఇంకో ఇద్దరు ఇతని పక్కన చేరారు, వాళ్లకూ అదే లైను అర్థం కాలేదు. అందరికీ అర్థమవుతోందన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. నేను ఎంత చెప్పినా పోనిది అది.

తెలుగు సీనియర్ల గురించి ఒక మాట. హాస్టల్లో వాళ్లు లేకపోతే ఇతను మొదటి నెలలోనే తిరిగి వచ్చేవాడు. తిండి దగ్గర్నుంచి జ్వరం మాత్రల దాకా అన్నలే చూసుకున్నారు. ఒక అన్న తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడు, ప్రోగ్రామింగ్ దానిమీదే నడిచింది. లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో, ప్రతిసారీ ఏ వేరియబుల్ విలువ ఎంతో ముందు కాగితం మీద పట్టిక గీసి, తర్వాతే టైప్ చేయడం ఆయనే అలవాటు చేశాడు. చదువు విషయంలో మాత్రం సీనియర్లు చాలామంది ఇచ్చే సలహా ఒకటే: పాత పేపర్లు తిరగెయ్, అవే వస్తాయి. పాసవడానికి అది కొంత పనిచేస్తుంది. కానీ మొదటి ఏడాది లెక్కలు పాత పేపర్లతో దాటినవాడికి రెండో ఏడాది స్ట్రక్చర్స్‌లో, ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో అదే గొయ్యి మళ్లీ ఎదురవుతుంది. పాత పేపర్లు చెయ్, కానీ పై పద్ధతిలోనే రాయి అన్నాను.

తర్వాత ఎలా జరిగింది

రెండో సెమిస్టర్‌లో తీసుకున్నవన్నీ పాసయ్యాడు, గ్రేడ్లు సాధారణం. వేసవి టర్మ్‌లో లెక్కలు దాటాడు, మంచి గ్రేడుతోనే. ప్రోగ్రామింగ్ రెండో ఏడాదిలో పూర్తయింది. హెచ్చరిక తొలగింది. రెండో ఏడాదిలో సర్వేయింగ్, మెటీరియల్స్ ల్యాబ్ మొదలయ్యాక గ్రేడ్లు పైకి వచ్చాయి. కాంక్రీట్‌లో నీళ్లు ఎక్కువైతే బలం ఎందుకు తగ్గుతుందో పుస్తకంలో చదివి తండ్రికి ఫోన్‌లో చెప్పాడు. తండ్రి సైటు మీద తను చూసినవి చెప్పాడు. తండ్రీకొడుకులు ఇప్పుడు మార్కుల గురించి కాక పని గురించి మాట్లాడుకుంటారు. దీన్ని నేను ప్లాన్ చేయలేదు, చేయగలిగేదీ కాదు.

మిగిలిపోయినవి ఉన్నాయి. మొదటి సెమిస్టర్ దెబ్బకు మొత్తం సగటు గ్రేడు ఇంకా పదికి ఏడు చేరలేదు. కొన్ని కంపెనీలు ఇంటర్న్‌షిప్‌కు ఏడు అడుగుతాయి, అక్కడ ఇతనికి తలుపు మూసే ఉంది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాస్తానంటున్నాడు. ట్యుటోరియల్‌లో అడుగుతాడు కానీ రెండు వందల మంది ఉన్న లెక్చర్ హాల్లో చెయ్యి ఎత్తడం ఇప్పటికీ లేదు. నిద్ర పరీక్షల ముందు మళ్లీ చెడుతుంది. కౌన్సెలింగ్ సెంటర్‌కు అప్పుడప్పుడు వెళ్తున్నాడు, ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎప్పుడు చెప్పాలో అతని ఇష్టం.

ఈ కేసు తర్వాత మా దగ్గర ఒక పని మొదలుపెట్టాం. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో సీటు ఖరారయ్యాక క్లాసులు మొదలయ్యేదాకా పిల్లలకు కొన్ని వారాలు ఖాళీ దొరుకుతుంది. సన్మానాలకూ చుట్టాల ఇళ్లకూ పోయే ఆ రోజుల్లోనే, సీటు ఎన్ఐటీలో వచ్చినా ఐఐటీలో వచ్చినా, పొద్దున రెండు గంటలు వచ్చి కూర్చోమంటాం. కొత్త సిలబస్ చెప్పం. వాళ్లకు వచ్చిన ఇంటర్ లెక్కలనే ఆప్షన్లు తీసేసి ఇస్తాం, కారణాలతో రాయమంటాం, ఒకరి కాగితం ఇంకొకరితో దిద్దిస్తాం. మధ్యాహ్నం కాలేజీ కంప్యూటర్ గదిలో టైపింగ్. వారానికోసారి ఒక్కొక్కరూ లేచి బోర్డు దగ్గరున్నవాణ్ని రాసుకొచ్చిన ఒక ప్రశ్న అడగాలి. వీలైనప్పుడు ఇతనే వీడియో కాల్‌లో వస్తాడు. మొదటి సెమిస్టర్‌లో తను రాసిన ఆ రెండు జవాబులూ పిల్లల ముందు పెట్టి, ఎక్కడ మార్కులు పోయాయో వాళ్లనే కనిపెట్టమంటాడు.